బిక్షమయ్య గొంతులో గరగర

బిక్షమయ్య అని పేరు చెబితే మన్సూరాబాద్‌లో అతనుండే గల్లీవాళ్ళకు కూడా వెంటనే గుర్తుకు రాదు. "గా బత్తాయిల పాటాయన" అంటే మాత్రం కొత్తపేట, గడ్డిఅన్నారం చుట్టుపక్కల పాతవాళ్ళు ఇప్పటికీ తలూపుతారు. నల్లగొండ జిల్లాలో బత్తాయి తోటలున్న ఊరు అతనిది. ఏడో తరగతితో చదువు ఆపేసి, కాయ తెచ్చే లారీ మీదే గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌లో దిగాడు. ఒక కమీషన్ కొట్టులో హమాలీగా చేరి, కొన్నాళ్ళకు ఆ కొట్టు తరఫున హర్రాజు పిలిచే పనికి ఎక్కాడు. జుట్టు నెరిసేదాకా అదే పని. వేలాన్ని మనవాళ్ళు పాట అని ఎందుకంటారో నాకు తెలియదు గానీ, బిక్షమయ్య పిలవడం విన్నవాళ్ళకు ఆ సందేహం వచ్చేది కాదు. కాయ రాశి పక్కన డబ్బా మీద నిలబడి అతను ధర ఎత్తుకుంటే షెడ్డు అవతల లారీ కింద నిద్రపోతున్న క్లీనర్ లేచి కూర్చునేవాడు. మైకూ గీకూ ఏమీ లేదు. గొంతు ఒక్కటే.

మార్కెట్ ఊరవతలికి వెళ్ళిపోయినప్పుడు కొట్టు యజమాని వ్యాపారమే మానుకున్నాడు. అక్కడికి పోయి కొత్త కొట్టు వెతుక్కునే వయసు బిక్షమయ్యకు దాటిపోయింది. ఎల్బీనగర్‌లో టైల్స్ గోదాముకు కాపలా పని దొరికింది. కుర్చీలో కూర్చుని గేటు చూడటం. పొద్దంతా కూర్చున్నా నోరు విప్పే అవసరం రాని కొలువు అది. అన్నేళ్ళు అరిచిన మనిషి ఊరుకుంటాడా? ఆ అరుపంతా ఇంటికి పట్టుకొచ్చాడు. కూరలో ఉప్పు తక్కువైందన్న మాట గల్లీ చివరి కిరాణా కొట్టుదాకా వినపడేది.

"ఎవ్వలకు చెప్తున్నవయ్యా? నాకా, హయత్‌నగర్ వాళ్లకా?" అనేది అండాలు. అండాలు అతని భార్య. చదువు రాదు, పాటల మీద ఆసక్తి లేదు, మొగుణ్ణి ఆటపట్టించడంలో మాత్రం ఎవరికీ తీసిపోదు. వాళ్ళ కొడుకు కృష్ణ ట్రాలీ ఆటో నడుపుతాడు. పొద్దున పోతే చీకటి పడ్డాకే రావడం.

ఆ రోజుల్లోనే కొత్తపేట రైతుబజారు పక్కన చాయ్ హోటల్లో జోగారావు తగిలాడు. జోగారావుది తెనాలి వైపు. కరెంటాఫీసులో చేసి రిటైరై కొత్తపేటలో ఇల్లు కట్టుకున్నాడు. ఆ పూట ఫోనులో ఎవరినో బతిమాలుతున్నాడు. "ఆదివారం పాట మటుకు మానకండి. మీరు లేకపోతే వెలితిగా ఉంటుంది" అంటున్నాడు. పక్క బల్ల మీద బిక్షమయ్య చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"సారూ, ఆదివారం పాట యాడ పెడ్తున్నరు?"

"ఎక్కడో కాదండి, ఎవరింట్లో వాళ్ళమే."

"ఇండ్లల్ల పాటనా?" బిక్షమయ్య నోరు తెరిచాడు. మార్కెట్ పోయాక వ్యాపారం ఇంత మారిపోయిందా అనుకున్నాడు.

"మీరూ పాడతారా?"

"గడ్డిఅన్నారంల పాట అంత నా గొంతు మీదనే నడిచింది సారూ."

"అలాగా. క్లాసికలా, లైటా?"

"బత్తాయి సారూ. ఎండకాలమైతే మామిడి."

జోగారావు కాసేపు అతని ముఖంలోకి చూసి, చాయ్ ఒలికిపోయేంతగా నవ్వాడు. సంగతి తెలిశాక బిక్షమయ్య కూడా నవ్వాడు. "ఆదివారం పాట" అన్నది జోగారావు పెట్టిన వాట్సాప్ గ్రూపు పేరు. ఇళ్ళలో సినిమా పాటలు పాడుకునేవాళ్ళు మాటల్లేని సంగీతం ట్రాక్ పెట్టుకుని ఫోనులో రికార్డు చేసి ఆదివారం పొద్దున అందులో వేస్తారు. మిగతావాళ్ళు విని బాగోగులు రాస్తారు. టీచర్లు, మెడికల్ షాపాయన, ఎల్ఐసీ ఏజెంట్లు, ఇద్దరు ముగ్గురు గృహిణులు. వాళ్ళలో ఎవరూ పేరున్న గాయకులు కారు, కావాలని కూడా లేదు. ఇంత పెద్ద గొంతున్న మనిషిని వదలడం జోగారావుకు ఇష్టం లేకపోయింది. అక్కడికక్కడే గ్రూపులో చేర్చాడు.

మొదటి పాట బిక్షమయ్య బత్తాయి పిలిచినట్టే పాడి పంపాడు. జోగారావు హెడ్‌ఫోన్స్ పీకి పక్కన పెట్టాల్సి వచ్చింది. "శబ్దం పగిలిపోతోందండి, ఫోను కాస్త దూరంగా పెట్టుకోండి" అని రాశాడు. బిక్షమయ్య ఫోనును వంటింట్లో పెట్టి ముందుగదిలో నిలబడి పాడాడు. అండాలు పోపు చిటపటలు కూడా అందులో పడ్డాయి. ఆ ఆదివారం గ్రూపంతా పడీ పడీ నవ్వుకుంది, కానీ వెక్కిరించి కాదు. "బిక్షమయ్య గారూ, శ్రుతి బాగుంది. గొంతు సగానికి తగ్గించండి చాలు" అని రాశారు.

బిక్షమయ్య గారూ. మార్కెట్లో అతన్ని అరే అన్నవాళ్ళున్నారు, ఓ పాటాయనా అన్నవాళ్ళున్నారు. గారు అన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ మాట ఫోనులో చూసుకుని, అండాలుకు చూపించి, ఆమెకు చదవడం రాదు కాబట్టి తనే చదివి వినిపించాడు. తర్వాత నిజంగానే కష్టపడ్డాడు. గోదాములో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పొద్దంతా పాత పాటలు వినడం, సాయంత్రం ఇంటికొచ్చి తగ్గించి తగ్గించి పాడటం. అరవడం నేర్చిన గొంతు మెల్లగా పాడటం నేర్చుకోవడం మామూలు విషయం కాదు. ఏడాది తిరిగేసరికి గ్రూపులో అతని పాట కోసం ఎదురుచూసేవాళ్ళు తయారయ్యారు. పోయిందనుకున్న గొంతుకు మళ్ళీ గిరాకీ వచ్చింది. అతనికి ఇంతకంటే కావలసింది ఇంకేమీ లేదు. ఈ మాట నేను అతిగా చెప్పడం లేదు.

గ్రూపులో ఒక నియమం ఉండేది. మొదట్లో లేదు. ఒకసారి ఎవరో ఒక పెద్దాయన పాట కింద "పళ్ళసెట్టు మార్చుకుంటే స, శ సరిగ్గా పలుకుతాయి" అని రాశారు. ఆయనకు కోపమొచ్చింది, ఆయన బంధువులకు ఇంకా కోపమొచ్చింది, సగం గ్రూపు ఖాళీ అయింది. అప్పుడు జోగారావు రాసి పైన అతికించాడు, పాట గురించే మాట్లాడాలి, మనిషి గురించి మాట్లాడకూడదు అని. మంచి నియమమే. ఆ తర్వాత ఎవరి వయసూ, ఎవరి ఆయాసమూ, ఎవరి ఇంట్లో సంగతులూ పాట కిందికి రాలేదు. శ్రుతి, తాళం, మైకు, ట్రాకు. అంతే.

ఒక ఎండకాలం బిక్షమయ్య పాటలో గరగర మొదలైంది. "పాట బాగుంది, ఆడియోలో కొంచెం గరగర ఉంది" అని మొదట రాసింది మెడికల్ షాపాయన. ఆ గ్రూపులో గరగర అంటే రికార్డింగులో వచ్చే చెడు శబ్దం. ఫ్యాను వేసుంటే గరగర, మైకు పాతదైతే గరగర, చొక్కా గుండీ వైరుకు తగిలితే గరగర. దానికి అందరి దగ్గరా మందులున్నాయి. ఫ్యాను ఆపమన్నారు, ఆపాడు. కిటికీ మూయమన్నారు, మూశాడు. గోడలకు దుప్పట్లు కట్టమన్నారు. ఇంట్లో ఉన్న బొంతలన్నీ మేకులకు తగిలించి, ఆ ఉక్కలో బనీను తడిసిపోగా పాడాడు. కొత్త మైకు కొన్నాడు. గరగర పోలేదు.

"గరగర గోడలకు లేదయ్యా, నీ గొంతుల ఉన్నది" అంది అండాలు బొంతలు దులుపుతూ. "రేత్రి మాట్లాడుతుంటే కూడ ఒస్తున్నది."

"నీకేం తెలుస్తది? గది మైకు గరగర. సార్లు అందరు అదే చెప్తున్నరు."

ఆమె అప్పటికీ ఊరుకోలేదు. మిరియాల కషాయం పెట్టింది, తేనె నాకించింది. మెడికల్ షాపుకు పోయి రమ్మంటే పోయాడు. గ్రూపులో గరగర కనిపెట్టిన ఆ షాపాయనే దగ్గు మందు సీసా చేతికిచ్చి, "మైకు ఎక్కడ కొన్నారు?" అని అడిగాడు. ఈ ముక్క విన్నప్పుడు నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ మనిషికి గొంతులకు మందులమ్మడమే బతుకుతెరువు, ఎదురుగా నిలబడ్డ గొంతు మాత్రం వినపడలేదు.

చివరికి బిక్షమయ్య జోగారావుకు ఫోను చేశాడు. "సారూ, ఏం చేసినా గరగర పోతలేదు. జర పరేషాన్ ఉన్న."

"పరేషాన్ ఎందుకండీ, నేను తీసేస్తాగా" అన్నాడు జోగారావు.

జోగారావు కంప్యూటర్లో శబ్దాలు శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ ఉంది. అడిగినవాళ్ళందరికీ ఈ సేవ అతను ఉచితంగా చేసేవాడు, ఓపికగా, ప్రేమగా. బిక్షమయ్య పాటలో గరుకుగా ఉన్నచోటల్లా నొక్కి తీసేశాడు. పైన కాస్త ప్రతిధ్వని చల్లాడు. ఆ ఆదివారం పాట గ్రూపులో పడగానే పొగడ్తలు కురిశాయి. "గొంతు తేటపడింది", "ఇన్నాళ్ళకు అసలు బిక్షమయ్య గారు వినిపించారు" అన్నారు. వాణ్ణి వీణ్ణి అనడమెందుకు, నేనైనా ఆ పాట వింటే అదే మాట అందును. అంత బాగుంది.

బిక్షమయ్య ఆ పాటను అండాలు చెవి దగ్గర పెట్టాడు. "ఇగో విను. ఏది గరగర? నా గొంతు మంచిగనే ఉన్నది."

ఆమె చివరిదాకా విని, "ఇది నువ్వేనా?" అంది.

"మరి ఎవ్వలు?"

ఫోను అబద్ధం చెబుతుందని ఆమెకు ఎవరు చెప్పారు? అతనికి మాత్రం ఎవరు చెప్పారు? తన గొంతు ఎలా ఉందో తెలుసుకోవడానికి మనిషికి వేరే దారి లేదు. రికార్డు చేసి వినడమే. ఇప్పుడు ప్రతి పాటా జోగారావు దగ్గరికి పోయే వస్తోంది. ప్రతి ఆదివారం వింటున్నాడు, ప్రతి ఆదివారం గొంతు తేటగా ఉంది. ఇంక దవాఖాన ఎందుకు? వానలొచ్చాక చెవిలో పోటు మొదలైతే ఇయర్‌ఫోన్ల వల్ల అనుకుని వేరేవి కొనుక్కున్నాడు. అన్నం ముద్ద గొంతులో ఆగుతుంటే బియ్యం మంచివి కావని అండాలును తిట్టాడు. ఆ తిట్టు పక్క గదిలోకి కూడా వినపడలేదు. "నీ నోరు తగ్గింది, బతికినం" అని ఆమె నవ్వింది. తర్వాత ఆ నవ్వు తలుచుకుని చాలాసార్లు ఏడ్చింది.

దసరా వెళ్ళాక గ్రూపు వాళ్ళంతా ఒకసారి కలవాలనుకున్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ట్యూషన్ సెంటర్ హాలు ఆదివారం సాయంత్రానికి అడిగి తీసుకున్నారు. బిక్షమయ్య, ఉదయలక్ష్మి కలిసి పాడాలని అందరి కోరిక. ఉదయలక్ష్మి గడ్డిఅన్నారంలో ప్రైవేటు స్కూలు టీచరు. అతనితో యుగళగీతాలు చాలా పాడింది, కానీ ఎవరి ఇంట్లో వాళ్ళు ఉండి పాడినవే. మనిషిని చూడటం అదే మొదలు. వెనక నుంచి వచ్చి "నమస్తే అమ్మా, నేను బిక్షమయ్యను" అంటే, ఆమె ఆ మాట ఎవరిదో అర్థం కాక అటూ ఇటూ చూసింది.

పల్లవి ఎలాగో గడిచింది. చరణంలో పైకి పోవాల్సినచోట అతని నోరు తెరుచుకునే ఉంది, శబ్దం రాలేదు. గాలి మాత్రం వచ్చింది. మళ్ళీ ఎత్తుకున్నాడు. మళ్ళీ గాలే. జోగారావు పరుగెత్తుకొచ్చి మైకు మార్చాడు. ఇంకొకాయన స్పీకరు వెనక్కి వంగి "వైరు లూజుంది" అన్నాడు. ట్రాక్ దాని దారిన అది మోగుతూనే ఉంది. బిక్షమయ్య కొత్త మైకును చేత్తో తట్టి చూసుకుంటున్నాడు, తప్పు దానిదే అన్నట్టు.

ఉదయలక్ష్మి తన మైకు కింద పెట్టేసింది. "వైరు కాదు సార్" అంది. అతని వైపు తిరిగి, "అన్నా, ఎప్పటి నుంచి ఇట్ల ఉన్నది నీ గొంతు? మా నాయినకు ఇట్లనే అయింది. రేపు పొద్దున్నే దవాఖానకు పో" అంది. ఆ నియమం వచ్చాక గ్రూపులో మనిషి గురించి మాట్లాడిన మొదటి మాట అది. చాలా ఆలస్యంగా వచ్చిన మాట.

పెద్ద దవాఖానలో గొంతులోకి కెమెరా వేసి చూశారు. ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చిన రోజు అండాలు, కృష్ణ, జోగారావు ముగ్గురూ అతనితో ఉన్నారు. డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల, ఓపిక ఉన్న మనిషి. గొంతు ఎప్పుడు మారడం మొదలైందని అడిగింది.

"దీంట్ల ఉన్నయమ్మా అన్ని, తారీఖులతోని సహా" అని బిక్షమయ్య గుసగుసగా అంటూ ఫోను ఇచ్చాడు. అతనికి అందులో కొంచెం గర్వం కూడా ఉంది, డాక్టరమ్మ తన పాట వింటుందని.

ఆమె ఒకటి విన్నది. ఇంకొకటి విన్నది. "ఇందులో గొంతు బాగానే ఉందే" అంది.

"అవి నేను శుభ్రం చేసినవండి" అన్నాడు జోగారావు.

"చేయకముందువి ఉన్నాయా?"

"లేవండి. చోటు సరిపోదని తీసేస్తుంటాను, ఆయన ఫోనులోంచీ తీసేయమన్నాను."

డాక్టరమ్మ ఎవరినీ తిట్టలేదు. ఇది క్యాన్సరని, గొంతు బొంగురుపోయిన కొత్తలోనే వచ్చి ఉంటే కరెంటు పెట్టడంతో, అంటే రేడియేషన్‌తో సరిపోయేదని, గొంతు మిగిలేదని, ఇప్పుడు స్వరపేటిక మొత్తం తీసేయక తప్పదని మామూలుగా చెప్పింది. మెడ మీద చిన్న రంధ్రం ఉంటుంది, ఊపిరి దానిలోంచే. మాట రాదు. తన హెడ్‌ఫోన్స్‌లో నెలల తరబడి మోగిన గరగర ఏమిటో జోగారావుకు అప్పుడు తెలిసింది. దాన్ని వెతికి వెతికి, ఎక్కడా మిగలకుండా తీసింది తనే.

బిక్షమయ్య ఆపరేషన్ వద్దన్నాడు. ఇంటికి వచ్చాక ఎవరు చెప్పినా అదే మాట. చస్తే చస్తాను గానీ గొంతు ఇవ్వనన్నాడు. కృష్ణ కాళ్ళు పట్టుకున్నాడు. అన్నం ముందు పెట్టుకుని కూర్చున్న మొగుడి ఎదురుగా అండాలు చతికిలబడింది.

"గొంతు పోయినంక నేనెందుకే?" అన్నాడు.

"నేను నీ గొంతుతోని తాళి కట్టించుకోలే" అంది అండాలు. "నీ పాట నేనెప్పుడన్న అడిగిన్నా? గీ గోడకు ఆనుకోని నా ఎదురుంగ కూసోని బువ్వ తిను. తిట్టకున్నా సరే, మాట్లాడకున్నా సరే. గది చాలు నాకు."

ఆమె గొంతు ఎప్పటిలాగే గట్టిగా ఉంది, కళ్ళు మాత్రం కాదు. బిక్షమయ్య ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. అది దిగడానికి చాలాసేపు పట్టింది. దిగాక సరే అన్నట్టు చెయ్యి ఊపాడు.

దవాఖానలో చేరే ముందు బొంతలు కట్టకుండా, ఫ్యాను ఆపకుండా, మైకు లేకుండా ఒక పాట పాడి నేరుగా గ్రూపులో వేశాడు. జోగారావుకు పంపలేదు. అతని ఆపరేషన్ సంగతి గ్రూపులో కొందరికే తెలుసు, తెలిసినవాళ్ళు నియమం ప్రకారం పైకి రాయలేదు. కొత్తగా చేరిన ప్రసన్నకుమార్ అనే కుర్రవాడు దాని కింద రాశాడు, "ఆడియోలో గరగర చాలా ఎక్కువుంది సర్. మైకు చెక్ చేసుకోండి" అని.

బిక్షమయ్య దానికి మాటల్లోనే రికార్డు చేసి జవాబు పంపాడు. చెవి దగ్గర పెట్టుకుంటే తప్ప వినపడదు. "మైకు మంచిగనే ఉన్నది తమ్మీ. గొంతే ఖరాబైంది. రేపు తీసేస్తున్నరు."

ఆ రోజు ఇంకెవరూ పాట పెట్టలేదు. దండాలు పెట్టే బొమ్మలు మాత్రం వరసగా వచ్చాయి.

బతికాడు. మెడలో రంధ్రం, దాని మీద అండాలు కుట్టిన తెల్లగుడ్డ. గోదాము పని పోయింది. మాట్లాడాలంటే కాగితం మీదో ఫోనులోనో రాయాలి, అండాలుకు చదవడం రాదు. అన్నం, నీళ్ళు, నొప్పి, కోపం, ఇవి సైగలతో అయిపోయేవి. అంతకు మించినవన్నీ కృష్ణ వచ్చేదాకా ఆగాల్సిందే. పొద్దున అనుకున్న మాట చీకటి పడ్డాక కొడుకు నోట్లోంచి వినపడితే అందులో ఉప్పూ కారం ఏముంటుంది? కృష్ణ రేషన్ షాపు నోటీసు చదివినట్టు చదివేవాడు. కొన్నాళ్ళకు బిక్షమయ్య కొడుకు చేత చదివించుకునేవి తగ్గించేశాడు.

మిగిలింది ఆదివారం. పాటలు పడే వేళకు ఫోను ముందు పెట్టుకుని కూర్చునేవాడు. అండాలుకు పాటల గోల తెలియకపోయినా, ఆ పూట అతని ముఖం మారడం తెలుసు. చాయ్ పక్కన పెట్టి, శబ్దం చేయకుండా తన పని తను చేసుకునేది. అతను ఒక్కో పాటా విని కింద రాసేవాడు. ఇప్పుడు మాత్రం శ్రుతి గురించి కాదు. "తమ్మీ, రెండో చరణంల ఊపిరి అందుతలేదు. గుండె పరీక్ష చేయించు." "అమ్మా, దగ్గు ఆపుకోని పాడుతున్నవు. ఎన్ని రోజులైంది?" "సారూ, గొంతుల దుఃఖం ఉన్నది. ఇంట్ల అంత మంచిదేనా?" ఎవరి పాట విన్నా అతనికి మనిషే వినపడుతున్నాడు.

మొదట అందరూ జాలిపడ్డారు. తర్వాత ఇబ్బందిపడ్డారు. ప్రసన్నకుమార్ భయపడి పరీక్షలన్నీ చేయించుకుంటే ఏమీ లేదని తేలింది, దాంతో వాడికి ఒళ్ళు మండింది. సెలవునాడు సరదాగా పాట పెట్టుకుంటే పొద్దున్నే రోగం పేరు చెబుతాడేమిటని ఒకరు, మా ఆవిడ ఏడుస్తోందని ఇంకొకరు జోగారావుకు విడిగా రాయడం మొదలుపెట్టారు. నియమం అందరికీ ఒకటే కదా అన్నారు. ఉదయలక్ష్మి ఒక్కతే అడ్డుపడింది. "ఆయన అడుగుతున్నదే మనం అడగాల్సింది" అని రాస్తే, దాని కింద ఎవరూ ఏమీ రాయలేదు.

జోగారావు మన్సూరాబాద్ వచ్చాడు. అరటిపళ్ళు తెచ్చాడు. ఎదురుగా కూర్చున్నాడు. "వాళ్ళు చెడ్డవాళ్ళు కారండి. కొంచెం... పాట వరకే ఉంచుదామా?" అన్నాడు.

బిక్షమయ్య కాగితం తీసుకుని రాసి అతని చేతిలో పెట్టాడు. "సారూ, నాకు ఎవ్వలు చెప్పలే."

జోగారావు అది చదివాడు. మడిచి జేబులో పెట్టుకోబోయి, మళ్ళీ బల్ల మీదే పెట్టేశాడు. అండాలు ఇచ్చిన చాయ్ తాగి, పోయొస్తానమ్మా అని లేచాడు.

జోగారావు మంచివాడే. ఆపరేషన్ నాడు దవాఖాన మెట్ల మీద పొద్దుగూకేదాకా కూర్చున్నది అతనే. కానీ ప్రతి ఆదివారం ఆ మాటలు కళ్ళ ముందు పడుతుంటే తట్టుకోవడం అతనికి చేతకాలేదు. మంచివాళ్ళకు చేతకానివి చాలా ఉంటాయి, నష్టం మాత్రం చేతకానితనం వల్ల కూడా అంతే జరుగుతుంది. తర్వాతి ఆదివారం ఎవరో గృహిణి పాట కింద బిక్షమయ్య మళ్ళీ ఏదో అడిగాడు. కాసేపటికి ఫోనులో ఒక వరస కనపడింది. జోగారావు మిమ్మల్ని తొలగించారు.

అండాలు "ఏమైంది?" అని అడిగితే ఏ సైగ చేయాలో బిక్షమయ్యకు తోచలేదు. ఏమీ లేదన్నట్టు చెయ్యి తిప్పాడు. కృష్ణ వచ్చేలోపల గ్రూపును ఫోనులోంచి తీసేశాడు. ఉదయలక్ష్మి ఆ సాయంత్రమే మెసేజ్ పెట్టింది, జవాబు ఇవ్వలేదు.

మళ్ళీ ఆదివారం వచ్చింది. అతను గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అండాలు చాయ్ తెచ్చి పక్కన పెట్టి, మూలనున్న ఫోను తీసి చెంగుతో తుడిచి అతని చేతికిచ్చింది. అతను దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. చాయ్ చల్లారింది. ఆమె వంటింట్లోంచి రెండుసార్లు తొంగి చూసి, చివరికి వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఆదివారం గదా, ఇంక ఒక్క పాట కూడ రాలే. అందరి గొంతులు పోయినయా ఏంది?"

బిక్షమయ్య ఆమె ముఖంలోకి చూసి, అవునన్నట్టు తల ఊపాడు.